ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్



మీలో పలువురు ఏదో యొక వ్యవహారముపై హైదరాబాదు వచ్చి నాంపల్లి స్టేషనులో దిగియే యుందురు. అచ్చటినుండి కొంతదూరము నడచినచో ఆబిడ్స్ అను వర్తకస్థానము వచ్చును. ఆ పేరు ఏ రాజుదియు కాదు, ఏ సేనానిదియు కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వస్త్రముల విచారణ చూచిన ఆల్బర్టు ఆబిద్ అను సేవకుడు అచ్చట ఒక దుకాణము పెట్టెను. ఆ దుకాణదారు పేరే నేటికిని జనుల నాలుకలపై నిలిచియున్నది. అదే ప్రభువు కొలువులో నుండిన మరియొక వృత్తికారుని గూర్చి ఈ పూట మీకు మనవి చేసెదను. ఆయన రాజా దీనదయాళ్. ఆయన వృత్తి ఛాయాచిత్రములు, అనగా ఫోటోలు తీయుట.

దీనదయాళ్ 1844వ సంవత్సరమున మీరటుకు సమీపముననున్న సర్ధానా పట్టణమున నొక జైన కుటుంబమున జన్మించెను. ఆ యింటివారిది రత్నాల వ్యాపారము. ఆయన రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866లో ఇందూరులోని మరామతు శాఖలో అంచనాలు వేయుటకును, పటములు గీయుటకును ఉద్యోగమున ప్రవేశించెను. నెలజీతము వచ్చు కొలువు. తృప్తిపడువాడైనచో అంతటితో జీవితము గడచిపోయెడిది.

మన గ్రామములలో వడ్రంగి కుమారుడు ఆటవయస్సుననే బాడిస పట్టును. కుమ్మరి బిడ్డ సారె ప్రక్కనే పెరుగును. విద్య తాతనుండి తండ్రికి, తండ్రినుండి బిడ్డకు దిగివచ్చును. దీనదయాళున కట్టి భాగ్యము లేదు. ఫోటో తీయు విద్య ఆనాటికి దేశమునకే క్రొత్త. ఆయన సుమారు ముప్పది యేండ్ల వయస్సున, 1874 ప్రాంతమున, ఉద్యోగము చేయుచునే ఆ పని నారంభించెను. తాతలు చూపని వృత్తిని తానే నేర్చి, దానిని తన యింటి వృత్తిగా చేయుట ఆయన జీవితములోని మొదటి విశేషము.

ఆ పని నేటివలె మీట నొక్కుట కాదు. తొలిదినములలో గాజు పలకపై మందు పూసి, ఆ తడి యారకమునుపే దానిని కెమెరాలో నుంచి, బొమ్మ పట్టి, వెంటనే చీకటిలో కడుగవలసియుండెను. కోటలను, దేవాలయములను చిత్రింపబోయినచో గాజు పలకలు, మందు సీసాలు, నీళ్లు, చీకటి గుడారము వెంట సాగవలెను. తరువాత ఎండు పలకలు వచ్చి కొంత శ్రమ తగ్గినది. అప్పటికిని ఎదుట కూర్చున్నవారు కదలరాదు. కదలినచో బొమ్మ చెదరును. పిదప ఆ పలకను కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై నుంచి, ఎండలో పెట్టి అచ్చు తీయవలెను. ఇంత యోర్పు గలవానికే ఆ విద్య వశమయ్యెడిది.

మధ్యభారతమునందు ఆయన తీసిన చిత్రములు దొరల మెప్పు నందినవి. 1880వ దశకమున ఆయన సర్కారు కొలువు విడిచి, నిజాము రాజ్యమునకు వచ్చి, 1886లో సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. నిజాము ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, ముసవ్వర్ జంగు, రాజా బహదూరు అను బిరుదుల నొసగెను. ముసవ్వర్ అనగా చిత్రకారుడు. 1896లో బొంబాయిలోను ఒక శాఖ తెరువబడినది.

ఇంత వ్యాపారమును ఆయన ఒంటరిగా నడపలేదు. జ్ఞానచంద్, ధరమ్‌చంద్ అను కుమారు లిరువురును తండ్రి చెంతనే పని నేర్చిరి. సంస్థ పేరుననే "అండ్ సన్స్" అను మాట చేరినది. తండ్రికి వచ్చిన కీర్తి తండ్రి పేరుననే యుండనీయక, బిడ్డల నందులో భాగస్వాములను చేసెను. సంపాదన నిచ్చు తండ్రులు అనేకులు గలరు. పనిని, పేరును కూడ పంచియిచ్చు తండ్రులు కొందరే.

తన యింటి మర్యాద నెరిగినవాడే యితరుల యింటి మర్యాద నెరుగును. ఆ కాలమున ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండి ఫోటో తీయించుకొనుట పొసగదు. అందువలన అనేక కుటుంబములలో తల్లుల రూపములు, అక్కచెల్లెండ్ర రూపములు నిలువకుండ పోవుచుండెను. దీనదయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీల కొరకే ప్రత్యేకముగా జనానా స్టూడియో నేర్పరచి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత కప్పగించెను. లోపల అందరును స్త్రీలే. ఆచారము చెడలేదు, కోరికయు తీరినది. వర్తకుని లాభదృష్టియు, గృహస్థుని సంస్కారమును ఒక్కచోట కలసిన పని యిది.

ఆయన కెమెరా రాజభవనములకే పరిమితము కాలేదు. నిజాము రాజ్యమున కరువు వచ్చినప్పుడు జరిగిన సహాయపు పనులను, ఆ పనులలో నున్న పేదజనమును కూడ చిత్రించెను. వేటలో పులిని కొట్టిన దొరలకును, కూలికి మన్ను మోసిన బీదలకును అదే గాజు పలక.

విధి మాత్రము ఆ తండ్రిని కనికరింపలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించెను. తన పేరు నిలుపవలసిన బిడ్డను తానే సాగనంపవలసివచ్చుట ఎంతటి దుఃఖమో పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు. మరుసటి సంవత్సరము జూలై నెలలో దీనదయాళును కన్నుమూసెను. వేలకొలది ముఖములను కాలమునకు చిక్కకుండ నిలిపినవాడు తన యింటి యొక్క ప్రాణమును నిలుపలేకపోయెను.

అయినను ఆయన శ్రమ వృథా కాలేదు. ఆ సంస్థలో పలకలకు సంఖ్యలు వేసి, వివరములు వ్రాసి భద్రపరచెడివారు. కుటుంబమువారు దాచియుంచిన పలకలలో 2,857 గాజు నెగటివులు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా బిళ్ళను వెలువరించెను. గాజు పగులు వస్తువు. వంశము వంశమంతయు జాగ్రత్త పడినందుననే అది నిలిచినది.

శ్రోతలారా, మీ యిండ్లలోను గోడకు వ్రేలాడు పాత పటము లుండును. అందులో ఎవరు తాత, ఎవరు మేనత్త అని మీకు తెలియును. మీ మనుమలకు తెలియదు. ఇప్పుడు చేతిలోని ఫోనుతో పిల్లలు దినమునకు నూరు బొమ్మలు తీయుచున్నారు గాని, పేరు లేని ముఖము రెండు తరములు గడచినచో పరాయి ముఖమే యగును. కావున రేపు తీరిక చేసికొని ఆ పటములను దించి, దుమ్ము తుడిచి, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్కదాని వెనుక పేరు, ఊరు, సంవత్సరము వ్రాయింపుడు. దీనదయాళ్ వంటి పనివానికి మనము చేయదగిన స్మరణ యదియే.

సెలవు.