ఒకటే అంకె, రెండు కిడ్నీల కథలు
రిపోర్టులో సీరం క్రియాటినిన్ 1.1 కనబడగానే ‘నార్మలే’ అనుకుని కాగితం మడిచేస్తాం. కాస్త ఆగండి. క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం; కండ ఎక్కువుంటే అదీ ఎక్కువే. అందుకే వయసు, ఆడా మగా కూడా కలిపి కిడ్నీల వడపోత వేగాన్ని లెక్కకడతారు. దాన్నే ఈజీఎఫ్ఆర్ అంటారు. 2021లో వచ్చిన ఈజీఎఫ్ఆర్ సూత్రం ప్రకారం అదే 1.1కి, ముప్పై ఏళ్ల కుర్రాడికి సుమారు 93 వస్తే, డెబ్బై ఏళ్ల అవ్వకు 54! మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. మరి అవ్వ బాగా చిక్కిపోయి ఉంటే? కండ తక్కువ కాబట్టి ఆ 54 కూడా ఉన్నదానికన్నా ఎక్కువ చూపినట్టే. అప్పుడు సిస్టాటిన్-సి పరీక్ష అక్కరకొస్తుంది. అది కండల మీద అంతగా ఆధారపడదు. ఖర్చు మాత్రం కాస్త ఎక్కువే. థైరాయిడ్ తేడాలున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పండి. అవి సిస్టాటిన్ అంకెను మార్చేస్తాయి.