నిద్రకు మువ్వురు దొంగలు

మానవుడు తన యాయుష్షులో దాదాపు మూడవపాలు నిద్రలో గడుపును. 60 ఏండ్లు బ్రతికినవాడు 20 ఏండ్లు కన్నులు మూసికొనియే యుండెనన్నమాట. ఈ కాలమంతయు వ్యర్థమైనదా, సార్థకమైనదా యను ప్రశ్న ప్రాచీనులకును గలిగినది, ఆధునికులకును గలిగినది. ఆయుర్వేద గ్రంథమగు చరకసంహితలో శరీరమను నింటిని నిలుపు ఉపస్తంభములు మూడు చెప్పబడినవి. అందు మొదటిది ఆహారము, రెండవది నిద్ర, మూడవది బ్రహ్మచర్యము. అన్నము లేనివానిని జూచి మనము జాలిపడుదుము. నిద్ర లేనివానిని జూచి మాత్రము "కష్టజీవి" యని మెచ్చుకొందుము. ఈ మెప్పు ఎంతవఱకు న్యాయమో నేడు విచారింతము.

మన యిండ్లలో స్త్రీలు పాడుకొను "ఊర్మిళాదేవి నిద్ర" యను పాటను పెద్దలు పలువురు వినియేయుందురు. లక్ష్మణుడు పదునాలుగేండ్లు అడవిలో కంటికి ఱెప్ప వేయక యన్నవదినెలను గాచినాడనియు, ఇంట ఊర్మిళ యా పదునాలుగేండ్లును నిద్రించినదనియు మన జానపదులు చెప్పుకొందురు. ఈ కథలో నొక చక్కని లెక్క గలదు. మేల్కొన్నవాడు విడిచిన నిద్ర ఎచటికిని బోదు. ఎవరో యొకరు దానిని తీర్చవలసినదే. లక్ష్మణునకు ఊర్మిళ గలదు. మనకు బదులుగా నిద్రించువా రెవరును లేరు. మన యప్పు మన శరీరమే తీర్చుకొనవలెను.

నిద్రించువాని లోపల నేమి జరుగునో చూచుటకు పూర్వులకు సాధనము లేకుండెను. 1924వ సంవత్సరమున జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గరు మనుష్యుని తలకు తీగెల నమర్చి, మెదడునందు పుట్టు మిక్కిలి సన్నని విద్యుత్తరంగములను కాగితముపై గీతలుగా వ్రాయించెను. 1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రించువాని కనుగ్రుడ్లు ఱెప్పల క్రింద కొంతసేపు వడివడిగా కదలుటయు, ఆ సమయమున లేపినచో వాడు తఱచుగా కల చెప్పుటయు గనిపెట్టిరి. దీనినిబట్టి నిద్ర యంతయు నొకేతీరున నుండదని తేలినది. మొదట తేలికనిద్ర, పిదప గాఢనిద్ర, ఆవల స్వప్ననిద్ర. ఈ వరుస ఇంచుమించు గంటన్నర కొకమాఱు తిరుగుచు, రాత్రికి నాలుగైదు మాఱులు నడచును. మాండూక్యోపనిషత్తు స్వప్నమును, సుషుప్తిని వేఱువేఱు అవస్థలుగా జెప్పియున్నది. ఆ భేదమునే నేటి యంత్రము గీతలలో జూపుచున్నది.

పూర్వరాత్రియందు గాఢనిద్ర యెక్కువ. అప్పుడు రక్తపుపోటు తగ్గి గుండె విశ్రమించును. పిల్లల యెదుగుదలకు వలయు హార్మోను విశేషముగా నూరును. వేకువవైపు స్వప్ననిద్ర యెక్కువ. పగలు నేర్చినది మనసున నాటుకొనుటకు నిద్ర తోడ్పడును. విత్తనము వేసిన చేను పైకి ఊరకున్నట్లే కనబడును గాని, నేలలో మొలక పని జరుగుచునే యుండును; నిద్రయు నట్టిదే. పెద్దలకు దినమునకు 7 గంటలకు తక్కువ కాకుండ, 13 మొదలు 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు, 6 మొదలు 12 ఏండ్ల పిల్లలకు 9 నుండి 12 గంటలు నిద్ర వలయునని వైద్యులు చెప్పుచున్నారు. ముసలితనమున నిద్ర పలుచబడును. కోడికూతకు ముందే మెలకువ వచ్చును. అంతమాత్రమున వృద్ధులకు నిద్ర యక్కఱలేదని తలపరాదు. వారికిని 7, 8 గంటలు కావలసినదే.

ఎప్పుడు నిద్రింపవలెనో కూడ శరీరమునకు దెలియును. పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకొను అత్తిపత్తి వంటి మొక్కను 1729లో ఫ్రాన్సు దేశపు పండితుడు ద మైరాన్ చీకటిలో నుంచి చూచెను. ఎండ తగులకున్నను అది పగటివేళకు ఆకులు విప్పుచునే యుండెను. ప్రాణులలో నొక గడియారము గలదనుటకు ఇది తొలి సాక్ష్యములలో నొకటి. ఆ గడియారము జీవకణములలో నెట్లు నడచునో కనిపెట్టిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. ఈ గడియారమును దినదినము సరిచేయునది ప్రాతఃకాలపు వెలుతురు. చీకటి పడిన పిదప మెదడులోని యొక చిన్న గ్రంథి మెలటోనిన్ అను హార్మోనును విడిచి, రాత్రియైనదని శరీరమున చాటించును. కన్నులకు దగ్గఱగా బట్టుకొన్న సెల్‌ఫోను వెలుతురు ఈ చాటింపును ఆలస్యము చేయును.

ఇట్టి నిద్రను మన యిండ్లనుండి దొంగిలించువారు ముఖ్యముగా మువ్వురు గలరు.

మొదటి దొంగ రాత్రిపని. వరంగల్లు ప్రాంతము వాని నెఱుగనిది కాదు. 1934లో ఇచట స్థాపింపబడి, ఇప్పుడు మూతపడిన ఆజంజాహి మిల్లు వేలాది కుటుంబములకు అన్నము పెట్టినది; అట్టి మిల్లులలో రాత్రి వంతులు తప్పవు. మిల్లు లేని పల్లెలకును రాత్రిపని తప్పలేదు. వ్యవసాయమునకు కరెంటు వంతులవారీగా వచ్చుచుండిన కాలమున రైతులు అర్ధరాత్రి బావికడకు బోయి, మోటారు వేయుటకై కాచుకొని యుండిరి. ఆ చీకటిలో పాముకాటునకును, కరెంటు దెబ్బకును గుఱియైనవారు గలరు. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇచ్చు పద్ధతి మొదలైనది. అయినను పత్తిని, మిరపను ఎనుమాముల మార్కెట్టునకు దెల్లవాఱునప్పటికి జేర్చుటకై రాత్రి బండి నడుపువారు నేటికిని గలరు.

వీరి కొఱకు ఒక లెక్క చెప్పెదను. 17 గంటలు ఎడతెగక మేల్కొన్నవాని చేతి నేర్పు, 100 మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని నేర్పుతో సమానముగా దిగజాఱునని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పరీక్షించి చూపిరి. మన దేశపు చట్టము 30 మిల్లీగ్రాములు మించినచో బండి నడుపుట నేరమనుచున్నది. ఉదయము 5 గంటలకు లేచి చేనిపని చేసినవాడు, రాత్రి 10 గంటలకు ట్రాక్టరు ఎక్కునప్పటికే త్రాగినవానివలె నున్నాడన్నమాట. త్రాగినవానిని పోలీసువారు గొట్టములో ఊదించి పట్టుకొందురు. నిద్రలేనివానిని ఇంటి పెద్దయే యాపవలెను. ఇదిగాక, ఏండ్లతరబడి చేయు రాత్రిపని క్యాన్సరునకు బహుశః కారణము కావచ్చునని ప్రపంచారోగ్యసంస్థకు జెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2007లోను, మరల 2019లోను నిర్ణయించినది.

శివరాత్రి జాగరణ మాటయేమని కొందఱు అడుగవచ్చును. జాగరణ ఏడాదికొకనాడు; జాగరణ చేసినవాడు మఱునాడు నిద్రించును. ప్రతిరాత్రిని శివరాత్రి చేయుమని ఏ శాస్త్రమును జెప్పలేదు.

రెండవ దొంగ గుఱక. గుఱకపెట్టువానిని జూచి కుంభకర్ణనిద్ర యని నవ్వుదుము. ఎంత పెద్ద గుఱకయో అంత గాఢనిద్ర యని నమ్ముదుము. ఈ నమ్మకము చాలమందికి ప్రాణాంతకమైనది. నిద్రలో గొంతు కండలు సడలును. మెడ లావెక్కినవారిలోను, క్రింది దవడ చిన్నదైనవారిలోను గాలిత్రోవ యిఱుకై, మెత్తని కండ యదరి చప్పుడగును. గుఱక యనగా నిదియే. కొందఱిలో ఆ త్రోవ పూర్తిగా మూసికొనిపోవును. ఱొమ్ము ఎగసిపడును గాని గాలి లోనికి బోదు. 10 సెకనులు, 20 సెకనులు, ఒక్కొకప్పుడు నిమిషము గడచును. రక్తములో ప్రాణవాయువు తగ్గగా, మెదడు నిద్రను జెఱచి కండను బిగించును. పెద్ద శబ్దముతో ఊపిరి మరల నాడును. గంటకు 5 మాఱులో, అంతకు మించియో ఇట్లు జరిగినచో రోగమనియు, 30 మాఱులు చేరినచో తీవ్రమనియు వైద్యుల లెక్క. రాత్రి వందలమాఱులు ఇట్లు మేల్కొన్నను, తెల్లవాఱిన పిదప రోగికి ఒక్కటియు జ్ఞాపకముండదు. ప్రక్కన బండుకొన్నవారికే అది తెలియును.

ఈ రోగము గలవారికి రక్తపుపోటు హెచ్చును. గుండెజబ్బునకును, పక్షవాతమునకును అవకాశము పెరుగును. ఉదయము తలనొప్పి, పగలు కూర్చున్నచోటనే కునుకు, మఱపు, చిఱాకు కనబడును. ఇంటివారు దీనిని సోమరితనమని తిట్టుదురు. 1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశముల వైద్యులు నిద్రలో ఊపిరి ఆగుటను యంత్రములతో గొలిచి వివరించిరి. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ అను వైద్యుడు, ముక్కునకు తొడుగు అమర్చి, చిన్న యంత్రముతో గాలిని మెల్లని యొత్తిడితో బంపినచో గొంతు మూసికొనదని చూపెను. నేటికిని ముఖ్యచికిత్స అదియే. బరువు తగ్గుటయు, వెల్లకిల గాక ప్రక్కకు తిరిగి పండుకొనుటయు, మద్యము మానుటయు మేలుచేయును. ఈ లక్షణములున్నవారు వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి వంటి చోట వైద్యునకు మొదట చూపుకొని, ఆయన చెప్పినచో రాత్రియంతయు నిద్రను గొలుచు పరీక్ష చేయించుకొనవలెను.

మూడవ దొంగ మిత్రుని వేషమున వచ్చును. ముంతెడు కల్లు త్రాగినచో నిద్ర బాగుగా బట్టునని పలువు రందురు. త్వరగా బట్టుట నిజమే. కాని మద్యము శరీరమున నఱగుచున్నకొలది రాత్రి రెండవభాగమున నిద్ర ముక్కలగును, గుఱక హెచ్చును. ఇది చెట్టుకల్లు మాట. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రాజోలాము అను మత్తుమందులు కలిపి యమ్ముచు పట్టుబడినవారు గలరు. ఇవి నిద్రకును, ఆందోళన తగ్గుటకును వైద్యులు కొలత దెలిసి, గడువు పెట్టి యిచ్చిన మందులు. కల్తీకల్లు త్రాగువాడు కొలతయు గడువును లేక, తా నెఱుగకయే దినదినము నిద్రమందు మ్రింగుచున్నాడు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీకల్లును గట్టిగా అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో దానికి అలవాటుపడినవారు పలువురు ఆసుపత్రుల పాలైరి. ఇట్టి మత్తుమందులను హఠాత్తుగా మానినచో చేతులు వణకును, మూర్ఛలు వచ్చును, మతి తప్పును, నిద్ర బొత్తిగా పట్టదు. కావున మీ యూరిలో నెవరైన దీనికి లోబడియున్నచో, ఇంటిలో బంధించి మాన్పింపబూనక, వైద్యునికడకు గొనిపోయి క్రమక్రమముగా మాన్పింపుడు. చీటి లేక అంగడిలో గొన్న నిద్రమాత్రలకును ఇదియే మాట.

అట్లయిన నిద్రపట్టనివాడు చేయవలసినదేమి? ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. రాత్రి నిద్ర తక్కువైనను ఆ వేళ తప్పరాదు. లేచినంతనే కొంతసేపు ఆరుబయట తిరుగవలెను. మధ్యాహ్నము దాటిన పిదప చాయ త్రాగరాదు. పగటికునుకు అరగంట మించరాదు. పక్కపై జేరి ఎంతసేపటికిని నిద్ర రానిచో, దొర్లుచుండక లేచి కూర్చుండి, నిద్ర వచ్చునపుడే మరల బండుకొనవలెను. ఇట్లు చేసినను వారమునకు మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు నిద్రలేమి వీడనిచో వైద్యునకు జూపవలెను. వృద్ధులలో మోకాళ్ల నొప్పియు, మాటిమాటికి మూత్రమునకు లేవవలసి వచ్చుటయు, మనసులోని దుఃఖమును నిద్రను జెఱచును. వీనికి చికిత్స గలదు. వయసు మీద నెపము వేసి యూరకుండరాదు.

గ్రామపెద్దలు చేయదగినది మఱికొంత గలదు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు బయట మైకులు మ్రోగింపరాదని 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు చెప్పుచున్నవి. ఆ నియమము అమలగుట పోలీసువారికంటె ఊరి పెద్దమనుషుల మాటమీదనే యెక్కువగా నాధారపడియున్నది. పెండ్లియైనను, జాతరయైనను, మఱునాడు బడికి బోవలసిన పిల్లలు ఆ యూరిలోనే నిద్రించుచున్నారు.

ఇక నేటి రాత్రికి ఒక చిన్న పని చెప్పి విరమించెదను. మీ యింట పెద్దగా గుఱకపెట్టువా రున్నచో, లేపక, నవ్వక, పదినిమిషములు వారికడ గూర్చుండి వినుడు. గుఱక నడుమ నిశ్శబ్దమైనపుడు మనసులో అంకెలు లెక్కింపుడు. ఊపిరి మరల నాడులోపల మీ లెక్క పది దాటుట మాటిమాటికి జరిగినచో, ఆ సంగతిని ఉదయముననే వారికి జెప్పి, ఆ వారములోనే వైద్యునికడకు బంపుడు. అది వారికి తమంతట దెలియు మార్గము లేదు, మీరే చెప్పవలెను.