అశ్వహృదయం



శ్రీకృష్ణ పరమాత్మను మనం పార్థసారథి అని నిత్యమూ స్మరిస్తాము. ఆ నామం పలకగానే గీతను బోధిస్తున్న జగదాచార్యుడు కన్నులకు కడతాడు. అయితే సారథ్యమంటే పగ్గాలు పట్టడం ఒక్కటే కాదు. గుర్రాలను కడగడం, మేపడం, వాటి గాయాలు చూడడం కూడా సారథి పనులే. స్వామి ఆ పనిని ఎట్టి సమయంలో చేశాడో ఈ పూట మనవి చేస్తాను.

అది మహాభారత యుద్ధంలో పదునాల్గవ దినం. సూర్యాస్తమయంలోగా సైంధవుని వధించకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. పొద్దు వాలుతున్నది, సైంధవుడు ఇంకా దూరంగా ఉన్నాడు, రథాశ్వాలు బాణాలు నాటుకొని దప్పికతో అలసిపోయాయి. అప్పుడు అర్జునుడు గుర్రాలను విప్పమని కోరి, తాను రథం దిగి నేలపై నిలిచి శత్రువులను అడ్డుకొన్నాడు. బాణంతో భూమిని భేదించి నీటిమడుగు కల్పించాడు, శరములతోనే ఒక గృహం నిర్మించాడు. ఆ నీడలో స్వామి తన చేతులతో గుర్రాల దేహాలలోని బాణాలను పెరికాడు, ఒళ్ళంతా నిమిరాడు, నేలపై పొర్లనిచ్చాడు, నీరు త్రాగించాడు. అవి స్నానం చేసి, మేత మేసి, అలసట తీరిన తరువాతనే తిరిగి కాడికి కట్టాడు. ద్రోణపర్వంలో వ్యాసభగవానుడు ఇదంతా తీరికగా చెప్పాడు. సమయం లేదని మనం తరచుగా అంటూ ఉంటాము. అర్జునునికి ఆనాడు ఉన్న సమయమెంత?

పొర్లనిచ్చాడన్న చిన్న మాటను దాటిపోకండి. జీను దించగానే గుర్రం మొదట కోరేది అదే. వీపు బరువు దిగిందని దాని మనస్సుకు కూడా అప్పుడే తెలుస్తుంది.

మనస్సు అన్నాను. గుర్రానికి మనస్సేమిటని కొందరు నవ్వవచ్చు. మన పెద్దలు నవ్వలేదు. నలమహారాజుకు తెలిసిన విద్య పేరు అశ్వహృదయం. ఆయన బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో ఉన్నప్పుడు, ఒక్క దినంలో విదర్భకు చేరవలసి వచ్చింది. ఆయన ఎంచి తెచ్చిన గుర్రాలు బక్కచిక్కి ఉన్నాయని రాజు శంకించాడు. రాజు రథమెక్కగానే అవి మోకాళ్ళపై కూలబడ్డాయి. నలుడు కొరడా ఎత్తలేదు, వాటిని బుజ్జగించాడు. పగ్గాలు పట్టింది ఆ తరువాతనే.

ఆ హృదయంలో ఉన్నది ప్రధానంగా భయం. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటాడబడే జంతువు. దాని కన్నులు ఇరుప్రక్కలా ఉండి దాదాపు చుట్టూ చూడగలవు కానీ, తోక వెనుక, నొసటి ముందు కొంత చోటు మాత్రం కనిపించదు. అందుకే వెనుకనుంచి తట్టితే బెదురుతుంది. అది నిలబడి కునుకు తీయగలదు, కాని గాఢనిద్ర పోవాలంటే పడుకోవలసిందే. నిర్భయమైన చోటు ఉంటేనే పడుకొంటుంది, తోటిగుర్రం దగ్గరలో కాపలాగా నిలిచి ఉంటే మరీ మంచిది. ఒంటరిగా, గతుకుల నేలపై, పొట్టి త్రాటితో కట్టివేసిన గుర్రానికి మేత ఎంత వేసినా విశ్రాంతి ఉండదు.

మేత సంగతి కూడా చెప్పాలి. దాని దేహానికి కడుపు చాలా చిన్నది. కొంచెం కొంచెంగా, రోజంతా గడ్డి నమలడం దాని ప్రకృతి. వాంతి చేసుకోలేదు కనుక తిన్నది ఎదురుతిరిగితే కడుపుశూలతో ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద గుర్రానికి రోజుకు 25 లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. ఉత్సవాలలో మనవారు భక్తితో గుర్రం నోటికి బెల్లపు ముద్దలు, ప్రసాదాలు అందిస్తూ ఉంటారు. పదిమంది పెడితే ఫరవాలేదు, వందమంది పెడితే? తీపి, ధాన్యం మితిమీరితే గిట్టల లోపల వాపు పుట్టి అడుగు వేయలేని స్థితి వస్తుంది. ఆ భక్తిని ఒక పచ్చగడ్డి మోపుగా మార్చి, సంరక్షకుని అడిగి ఇవ్వండి.

ఇక నా తప్పు చెప్పుకొంటాను. కేదారనాథ యాత్రలో గౌరీకుండ్ వద్ద నేను కూడా గుర్రమెక్కాను. అక్కడినుంచి స్వామి సన్నిధికి దాదాపు 16 కిలోమీటర్ల ఎక్కుడు, ఆలయం సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉన్నది. బేరమాడడంలో నా శ్రద్ధంతా పోయింది. తల వాల్చి కదలక నిలబడినదాన్ని చూచి, సాధువుగా ఉన్నదని ఎంచుకొన్నాను. అది సాధుత్వం కాదు, అలసి అలసి ఆశ వదులుకోవడం. సగం దారిలో దిగినప్పుడు జీను క్రింద పుండు చూశాను. 2022 యాత్రాకాలంలో ఆ దారిలో పదుల సంఖ్యలో గుర్రాలు, కంచరగాడిదలు మరణించాయన్న వార్త చదివినప్పుడు ఆ పుండే జ్ఞాపకం వచ్చింది. తోలేవానిని మాత్రమే నిందించలేము. అతని కుటుంబానికి అదే జీవనాధారం. తొందర మనది, బేరం మనది.

చట్టం కూడా ఉన్నది. బండిలాగే, బరువు మోసే జంతువులను గురించి 1965లో చేసిన నియమాల ప్రకారం రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ముళ్ళ కళ్లెం నిషిద్ధం.

నడవగలిగినవారు నడవండి. ఎక్కక తప్పనివారు ముందుగా జీను ఎత్తించి వీపు చూడండి. నాలుగడుగులు నడిపించి కుంటుతున్నదేమో గమనించండి. చెవులు మీ మాటకు కదులుతున్నాయో లేదో చూడండి. దారిలో నీటితొట్టి కనిపించినచోట ఆగమనండి. పైకి చేరిన తరువాత వెంటనే దర్శనపు వరుసకు పరుగెత్తవద్దు. రెండవసారి వెళ్ళినప్పుడు జీను విప్పి, నీరు పెట్టి, గడ్డి వేసేవరకు నేను అక్కడే నిలబడ్డాను. పావుగంట పట్టింది. ఆ గుర్రం రెండుసార్లు అటూ ఇటూ పొర్లి, లేచి, ఒళ్ళు దులుపుకొన్నది. అప్పుడు గుడివైపు నడిచాను.