అటక మీది రైఫిల్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కలెక్టరేటులో ఆయుధ లైసెన్సుల సీటు చాలా ఏళ్లు చూశాను. తుపాకి మాత్రం పేల్చలేదు. ఆ సరదా మా మామగారిది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మానేసి, రైఫిల్ క్లబ్బులో బోర్డు మీద గురి చూసేవారు.

"కన్నొక్కటే చాలదు అల్లుడుగారూ" అనేవారు. సెకనుకు 800 మీటర్ల వేగంతో బయలుదేరిన తూటా కూడా 300 మీటర్లు వెళ్లేసరికి ముప్పావు మీటరుకు పైగా కిందికి దిగుతుందట. ఆ మేరకు టెలిస్కోపు మీది మర తిప్పుకోవాలి. పక్కగాలి వీస్తే మళ్లీ వేరే లెక్క. దూరం, గాలి, ఎండ అన్నీ నోటు పుస్తకంలో రాసేవారు. మన క్యాష్ బుక్కుల కంటే శుభ్రంగా ఉండేది.

2014లో ఆయన పోయారు. కర్మకాండలు, ఫ్యామిలీ పెన్షన్ కాగితాల హడావుడిలో రైఫిల్ ఏడు నెలలు అటక మీదే ఉండిపోయింది. లైసెన్సుదారు పోతే ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సున్న డీలరు వద్ద గానీ జమ చేయాలని ఎందరికో నోటీసులు రాసిన చెయ్యి నాది! సంక్రాంతికి బూజు దులుపుతూ మా ఆవిడ చూసింది. స్టేషనుకు వెళ్లేసరికి చెమటలు పట్టాయి. ఎస్సైగారు మర్యాదస్తుడు, ఆలస్యానికి కారణం రాయించుకుని రసీదిచ్చారు.

వారసులు ఉంచుకోదలిస్తే తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. 2019 సవరణతో మనిషికి మూడు కాదు, రెండే ఆయుధాలు. లైసెన్సు గడువు ఐదేళ్లు. మీ ఇంట్లో తుపాకి ఉంటే లైసెన్సు పుస్తకాన్ని పెన్షన్ ఫైలులోనే పెట్టి, ఇవాళే ఇంట్లోవారికి చూపండి.

నోటు పుస్తకం నా దగ్గరే ఉంది. రైఫిల్ క్లబ్బుకు వెళ్లే పిల్లలెవరైనా చూస్తానంటే ఇస్తాను.