మీ ఇంటి దీపానికి కరెంటు ఎక్కడిది?



సాయంత్రం ఏడు గంటలయింది అనుకుందాం. బలసముద్రంలో ఒక ఇల్లాలు స్విచ్చి వేసింది, దీపం వెలిగింది. ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మా పక్క ఊళ్ల పిల్లలు ఆలోచించకుండా చెయ్యి చాపి చూపిస్తారు. "అదో, ఆ సోలారు పలకల్లోంచి సార్" అంటారు. నేను బడిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా వచ్చే జవాబు ఇదే. ఊరి చుట్టూ కనుచూపు మేర నల్లటి పలకలే పరచి ఉంటే పిల్లలు ఇంకేమంటారు? కానీ ఏడు గంటలకు పొద్దు లేదు. పొద్దు లేనప్పుడు ఆ పలకలు ఒక్క బల్బును కూడా వెలిగించలేవు. మరి ఆ దీపం దేనితో వెలిగినట్టు?

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కరెంటు మన పొలంలోని బోరుబావి వంటిది కాదు, ఊరి చెరువు వంటిది. చెరువులోకి నాలుగు వంకలు వచ్చి కలుస్తాయి. తూము కింద పారే నీళ్లు ఏ వంకవో ఎవరు చెప్పగలరు? బలసముద్రం, తిరుమణి, వల్లూరు, క్యాతగానచెర్లు మొదలైన ఐదు ఊళ్ల భూముల్లో పుట్టే కరెంటు ముందు చిన్న సబ్‌స్టేషన్లకు చేరుతుంది. అక్కడినుంచి తిరుమణి దగ్గరున్న పవర్‌గ్రిడ్ వారి పెద్ద సబ్‌స్టేషనుకు పోయి, 400 కిలోవోల్టుల తీగల మీద దేశమంతటి వలలో కలిసిపోతుంది. మన ఇళ్లకు బెస్కాం వారు ఇచ్చేది ఆ వలలోంచి దించిన కరెంటే. అందులో పగలు సూర్యుడి పాలు ఎక్కువ. రాత్రయితే రాయచూరు శక్తినగరంలోనూ, బళ్లారి దగ్గర కుడితినిలోనూ మండే బొగ్గు, శరావతి నీళ్లు, కైగాలోని అణు రియాక్టర్లు, చిత్రదుర్గం గుట్టల మీద తిరిగే గాలిమరలు. ఇవన్నీ కలిసి మీ దీపాన్ని వెలిగిస్తాయి.

కన్నడ సీమకు కరెంటు కొత్తది కాదు. 1902లోనే కావేరి మీద శివనసముద్రంలో జలవిద్యుత్తు పుట్టించి, దాదాపు నూటయాభై కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు పంపారు. బెంగుళూరు వీధిదీపాలు వెలిగింది ఆ తరువాత మూడేళ్లకు, 1905లో. అంటే మొదటి తీగ నగరానికి కాదు, గనికి పోయింది. ఆ గనుల్లో దిగిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఎందరో ఉండేవారు. కరెంటు ఎక్కడ పుడుతుంది, ఎవరికి పోతుంది అన్న ప్రశ్న ఆనాటినుంచీ ఉన్నదే.

ఇక బొగ్గు లెక్క చూద్దాం. వెయ్యి వాట్ల సామాను ఒక గంట నడిస్తే ఒక యూనిట్ అవుతుంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ తీయాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు అంతా బొగ్గు కరెంటే వాడిందనుకుంటే 70 కిలోల బొగ్గును కాల్చినట్టు. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. కాబట్టి ఇరవై కిలోలకు పైగా బూడిద మీ పేరు మీద మిగులుతుంది, అందులో కొంత ఎక్కడో ఒక చెరువులో పడుతుంది. బూడిద చెరువు అనేది మాటవరసకు అనేది కాదు. థర్మల్ స్టేషన్ల పక్కన నిజంగానే అలాంటి చెరువులు తవ్వి, బూడిదను నీళ్లతో కలిపి అందులో వదులుతారు. ఎండాకాలం అది ఆరి గాలికి లేస్తే చుట్టుపక్కల పైరు మీద, ఇంటి కప్పుల మీద, పిల్లల ఊపిరిలో పడుతుంది. పొగగొట్టంలోంచి పోయే బొగ్గుపులుసు గాలి ఇంకొక లెక్క. యూనిట్‌కు దాదాపు ఒక కిలో. మన వానలు రాకపోవడానికి అదొక్కటే కారణమని నేను అనను. పావగడకు కరువు బొగ్గుకంటే ముందునుంచే చుట్టం.

నీటి కరెంటుకు పొగ లేదు, బూడిద లేదు. అందుకే చాలాకాలం దాన్ని పుణ్యపు కరెంటు అనుకున్నాం. కానీ శరావతి మీద లింగనమక్కి కట్ట కట్టినప్పుడు సాగర, హొసనగర తాలూకాల్లో ఇళ్లూ పొలాలూ మునిగిపోయిన కుటుంబాల్లో కొందరు అరవై ఏళ్లు దాటినా పట్టాల కోసం తిరుగుతూనే ఉన్నారు. మన తెలుగు వైపు శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. నీళ్లు తగ్గిన వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు చూడబోయేవారికి, ఆ నీటి అడుగున ఊళ్లు కూడా ఉన్నాయని గుర్తుంటుందో లేదో.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. ఈ సౌర విద్యుత్తు పార్కుకు పెట్టిన పేరు 'శక్తి స్థళ'. కన్నడంలో స్థళ అంటే చోటు. తెలుగులో మనం స్థలం అనగానే ఇల్లు కట్టుకునే జాగా గుర్తొస్తుంది. ఈ రెండు అర్థాల మధ్యే మన కథంతా ఉందని నాకు అనిపిస్తుంది. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్దరామయ్య దీన్ని ప్రారంభించారు. 2019 డిసెంబరు నాటికి 2050 మెగావాట్లూ పూర్తయ్యాయి. ఆక్రమించిన భూమి సుమారు 13,000 ఎకరాలు. అంటే ఒక మెగావాటుకు ఆరు ఎకరాలకు పైగా. ఒక మెగావాటు పలకలు రోజుకు అటూ ఇటుగా ఐదువేల యూనిట్లు ఇస్తాయి. నెలకు 100 యూనిట్లు వాడే ఇళ్ల లెక్కన ఒక ఎకరం రెండువందలకు పైగా ఇళ్లకు సరిపోతుంది. వానలు లేక శెనక్కాయ తీగె కూడా ఎండిపోయిన ఎకరం అది!

ఇక్కడ జరిగిన మంచి పని ఒకటుంది, దాన్ని ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఈ భూమిని లాక్కోలేదు, కొనలేదు కూడా. రైతులనుంచి గుత్తకు తీసుకుంది. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి నూటికి అయిదు చొప్పున పెంపు, గడువు 25 ఏళ్లకు పైబడి. పహణీలో పేరు రైతుదే ఉంటుంది. ఊళ్లు మునగలేదు. విత్తనాలకు అప్పు చేసి, వాన రాక, చివరికి గడ్డికి కూడా దిక్కులేని ఏళ్లు చూసినవారికి ఆ ఇరవై ఒక్క వేలు చిన్నవి కావు. "శెనక్కాయ వేసి పోగొట్టుకునేదానికంటే ఇదే మేలు" అనే రైతులను నేను తప్పుపట్టను.

అయితే పహణీలో పేరు లేనివారి మాటేమిటి? ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ పెరికి, కాయ వొలిచి బతికిన కూలీలకు గుత్త డబ్బులో పాలు లేదు. గొర్రెలు మేకలు మేపేవారికి కోత అయిన చేలే మేత. ఇప్పుడు ఆ చేల చుట్టూ కంచె ఉంది. కంచె లోపల కాపలా, గడ్డి కోయడం, పలకలు తుడవడం వంటి పనులు కొందరికి దొరికాయి. కానీ కట్టేటప్పుడు కావలసినంతమంది మనుషులు, కట్టిన తరువాత అక్కర్లేదు. సూర్యుడు కూలి అడగడు కదా! ఎకరాలు ఎక్కువ ఉన్నవాడికి గుత్త ఎక్కువ, లేనివాడికి బెంగుళూరు బస్సు. ఇది బొగ్గు పొగలా కంటికి కనబడే నష్టం కాదు. అందుకే ఎక్కడా లెక్కకు రాదు.

నీటి సంగతి కూడా ఉంది. పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, కాబట్టి వాటిని కడగాలి. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన తాలూకా మనది. ఇక్కడ కడగడానికి వాడే ప్రతి ట్యాంకరు నీళ్లూ ఎక్కడివని అడిగే హక్కు మనకుంది. నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు వచ్చాయి. అవి ఎన్ని పలకలకు పెట్టారు, ఎన్నింటికి పెట్టలేదు అని పంచాయతీ అడగవచ్చు.

ఇన్ని చెప్పినా, బొగ్గుతో పోలిస్తే సౌర విద్యుత్తే మేలని నా లెక్క. పలకలను తయారుచేయడానికి కూడా బొగ్గు కాలుతుంది, ఆ పని ఎక్కువగా చైనాలో జరుగుతుంది. అది కలుపుకున్నా, యూనిట్‌కు వెలువడే బొగ్గుపులుసు గాలి బొగ్గు కరెంటులో ఇరవయ్యో వంతు మాత్రమే. చిక్కల్లా రాత్రిదే. పగటి కరెంటును రాత్రికి దాచాలంటే పెద్ద బ్యాటరీలు కావాలి, లేదా పగలు నీటిని పైకి ఎక్కించి రాత్రి కిందికి వదలాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో అలా రెండు వైపులా తిరిగే యంత్రాలున్నాయి. శరావతి లోయలోనూ అలాంటిది కట్టాలంటున్నారు. అక్కడి అడవి పోతుందని మలెనాడు జనం వద్దంటున్నారు. మన ఎండను దాచడానికి వాళ్ల అడవి పోవాలా అన్నది తేలికగా తేలే తగవు కాదు.

ఇంట్లో మనం చేయగలిగింది కొంచెమే, కానీ లేకపోలేదు. 2023లో గృహజ్యోతి వచ్చాక 200 యూనిట్ల లోపు చాలా ఇళ్లకు బిల్లు సున్న వస్తోంది. బిల్లు సున్న అయింది గాని బొగ్గు సున్న కాలేదు. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకు ఐదు గంటల లెక్కన నెలకు ఏడున్నర యూనిట్లు మిగులుతాయి. అంటే ఐదు కిలోల బొగ్గు. మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె వంటి బరువు పనులు పొద్దున పది నుంచి మూడు లోపల చేసుకోండి. అప్పుడు మీరు వాడే కరెంటులో ఎండ పాలు ఎక్కువ.

భూమి గుత్తకిచ్చిన రైతు సోదరులకు ఒక్క మాట. మీ ఒప్పందం నకలు ఇంట్లో ఉందా? ఉంటే, చదవగలిగిన పిల్లల చేత ఒకసారి పూర్తిగా చదివించుకోండి. అందులోని కన్నడ, ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోతే మీ ఊరి బడి పంతులు దగ్గరికి తీసుకువెళ్లండి. గడువు తీరాక పలకలు ఎవరు తీస్తారు, నేలలో పాతిన ఇనుప కాళ్లూ కాంక్రీటూ ఎవరు పెరుకుతారు, ఆ ఖర్చు ఎవరిది అన్నది ముఖ్యంగా చూడండి. పాత సౌర పలకలను 2022నాటి కేంద్ర ఈ-వ్యర్థాల నిబంధనల్లో చేర్చారు. వాటిని ఎక్కడపడితే అక్కడ పారేయడానికి వీల్లేదు. ఆ రోజు వచ్చేసరికి మీలో చాలామంది డెబ్బై దాటి ఉంటారు. ఆ నేలలో మళ్లీ దుక్కి దున్నాలో వద్దో తేల్చుకోవలసింది ఇప్పుడు నా తరగతిలో కూర్చున్న పిల్లలు. ఆ కాగితం ఏ పెట్టెలో ఉందో వాళ్లకు చెప్పి ఉంచండి.