ఒక తలుపు – రెండు వ్యాధులు

ఒకే వైరసు సోకినను అందరును ఒకేరీతిగా జబ్బుపడరు. మన జన్యువులలోని భేదము దీనికొక కారణము. ఎయిడ్స్ వ్యాధికి మూలమైన హెచ్.ఐ.వి. సాధారణముగా తెల్లరక్తకణములపైనున్న సీసీఆర్5 అను మాంసకృత్తునే తలుపుగా చేసికొని లోనికి ప్రవేశించును. ఆ జన్యులిపిలో 32 అక్షరములు లోపించిన ప్రతిని తల్లినుండియు తండ్రినుండియు పొందినవారిలో ఆ తలుపే యుండదు. వారికా వైరసు సోకుట మిక్కిలి అరుదని 1996లో తేలినది. ఉత్తర ఐరోపాలో ఇట్టివారు నూటికొక్కరుందురు; మన దేశమున బహు అరుదు.

వారిని అదృష్టవంతులని అనవచ్చునా? దోమకాటువలన వచ్చు వెస్ట్ నైల్ వైరసు సోకినపుడు వారికే జబ్బు బయటపడుట ఎక్కువని 2006లో వెల్లడియైనది. మెదడున ఆ శత్రువు చేరినపుడు రక్షకకణములను అచ్చటికి రప్పించుటకును ఆ తలుపే కావలెను. కావున ఏ జన్యువునకును మంచిదనియో చెడ్డదనియో ముద్రవేయలేము. రోగిని చూచి వాని రక్తమును నిందింపను దగదు.