నందిని బిడ్డలకు ఆంగ్లం నేర్పగోరేవారికి
(ప్రసంగ పాఠం)



భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి సమకూర్చిన గనుల ఊరు నందిని. ఇనుప ఖనిజంలోని మలినాలను కొలిమిలో వేరుచేయడానికి ఆ రాయి అవసరం. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజులలో దేశం నలుమూలలనుంచి ఇక్కడికి తరలివచ్చిన శ్రామికులలో తెలుగువారూ ఉన్నారు. ఆ కుటుంబాల బిడ్డ ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడుతుంది. ఆంగ్లం ఆ బిడ్డకు పేరుకే ద్వితీయ భాష, వాస్తవానికి నాలుగవది.

అట్టి బిడ్డకు ఆంగ్లం బోధించదలచిన పట్టభద్రులు ఏ ఉన్నత విద్యను ఎన్నుకోవాలి? ఇది కేవలం ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న కాదు. గని కార్మికుని ఇంట రెండేళ్ల చదువంటే రెండేళ్ల సంపాదన వదులుకోవడమే. ఎంపిక పొరపాటైతే ఆ కుటుంబమూ నష్టపోతుంది, రేపటి విద్యార్థులూ నష్టపోతారు.

ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. 1964లో రాయపూర్‌లో వెలసిన పండిత రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయం వంటివి ఈ చదువును ఇంటికి చేరువ చేశాయి. సాహిత్య పరిచయం లేని భాషోపాధ్యాయుని మాటలో సారం తక్కువ. అయితే షేక్‌స్పియర్ నాటకాన్ని చక్కగా వ్యాఖ్యానించగలవారు ఆరవ తరగతి బాలునిచేత ఒక వాక్యం పలికించగలరన్న నియమం లేదు.

రెండవది బి.ఇడి. పాఠశాలలో స్థిరమైన ఉపాధ్యాయ పదవికి ఇది సాధారణంగా తప్పనిసరి. తరగతి నిర్వహణ, బాలల మనస్తత్వం, పరీక్షా విధానం ఇందులో నేర్పుతారు. కాని అనేక విషయాల నడుమ ఆంగ్ల బోధనకు దక్కే కాలం స్వల్పం.

మూడవది ద్వితీయ భాషగా ఆంగ్ల బోధనలో ఎం.ఏ. దీనికి పేరెన్నికగన్న కేంద్రం హైదరాబాదులో ఉంది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా ఆరంభమై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమది. దాని తొలినాటి సంచాలకులు వి.కె. గోకాక్ కన్నడ మహాకవి కావడం గమనార్హం. మాతృభాషాభిమానానికీ ఆంగ్ల బోధనకూ వైరం లేదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి?

భాషను మనిషి ఎలా నేర్చుకుంటాడన్నది ఈ మూడవ చదువులోని ప్రధానాంశం. తెలుగులోనూ హిందీలోనూ క్రియ వాక్యాంతంలో వస్తుంది. ఆంగ్లంలో కర్మకు ముందే వస్తుంది. ఆంగ్లంలోని 'ఎ', 'ది' వంటి ఉపపదాలు ఈ రెండు భాషలలోనూ లేవు. ఇది తెలిసిన ఉపాధ్యాయుడు బాలుని తప్పును మందబుద్ధికి గుర్తుగా భావించడు; అతని మాతృభాష వేసిన ముద్రగా గుర్తించి దిద్దుతాడు. తెలియనివాడు బెత్తం అందుకుంటాడు. ఆ బాలుడు జీవితాంతం ఆంగ్లానికి భయపడతాడు.

1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతంలోని సాధారణ పాఠశాలలలో జరిపిన ప్రయోగం, బెంగుళూరు ప్రణాళికగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. వ్యాకరణ సూత్రాలను ముందుగా వల్లింపజేయక, పటాలు, రైళ్ల వేళల పట్టికలు ఇచ్చి పిల్లలచేత ఆలోచింపజేయడం, ఆ ఆలోచన ద్వారా భాష అలవడేట్లు చేయడం దాని పద్ధతి. దుర్గ్ నుంచి విశాఖపట్నం వెళ్లే రైళ్ల పట్టిక నందిని తరగతి గదిలో ఎంత మంచి పాఠమవుతుందో ఊహించవచ్చు. సెలవులకు తాతగారి ఊరు వెళ్లే బిడ్డకు అది తన సొంత విషయం.

అయితే ఉత్సాహం ఒక్కటే చాలదు. ఆంగ్ల బోధనలో ఎం.ఏ. పట్టా ఉన్నంతమాత్రాన బి.ఇడి. అడిగే పాఠశాల తలుపు తెరుచుకోదు. కళాశాల అధ్యాపకత్వం కోరేవారు జాతీయ అర్హతా పరీక్షకు సిద్ధం కావాలి. ఆ పరీక్షలోని ఆంగ్ల పాఠ్యప్రణాళికలో భాషా బోధన ఒక భాగమే. అధిక భాగం సాహిత్యమే. కనుక దరఖాస్తు చేయకముందే, తాము కోరే ఉద్యోగపు ప్రకటన చదివి, పట్టా మీద ఉండే పేరు అందులో చెల్లుతుందో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకోవడం వివేకం.

పాఠశాలలో బోధించదలచినవారు బి.ఇడి. పూర్తిచేసి, పిదప ఆంగ్ల బోధనలో ప్రత్యేక శిక్షణ పొందడం క్షేమకరం. కళాశాలను కోరేవారు సాహిత్యాన్ని విడువక భాషాశాస్త్రం జోడించుకోవాలి. బోధనా పద్ధతుల పరిశోధన, ఉపాధ్యాయ శిక్షణ తమ రంగమనుకున్నవారికి మూడవ మార్గమే రాజమార్గం.

ఏ మార్గమైనా, ఎన్నుకునేటప్పుడు మొదట చూడవలసినది విశ్వవిద్యాలయం పేరును కాదు, ఎదుట బల్లమీద కూర్చోబోయే బిడ్డను. నాలుగు భాషల నడుమ పెరిగే ఆ బిడ్డ అప్పటికే మూడు భాషలు నేర్చిన సమర్థురాలు. ఆ మూడింటినీ అడ్డంకులుగా కాక ఆస్తిగా చూడడం నేర్పే చదువే ఆంగ్లోపాధ్యాయునికి తగిన చదువు.